కామా మేడమ్ ఏడో పేజీ

యాభై ఏళ్ళు నిండినా, నడినెత్తిన జుట్టు సెలవు పుచ్చుకున్నా, ఆ ఆఫీసులో అతన్ని ఇంకా చిన్న లాయరు అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది కామా మేడమ్. ఆవిడ పెట్టిన పేరు మార్చే ధైర్యం ఎవరికుంది? ఆవిడకి పేరు పెట్టింది మాత్రం ఆఫీసంతా కలిసి. కంపెనీల ఒప్పందాలు రాయడంలో ముప్పై నాలుగేళ్ళు తలపండిన మనిషి. సంతకాలకి ముందు ప్రతి ఒప్పందాన్నీ మొదటి అక్షరం నుంచీ గొంతెత్తి చదివేది. కామా వస్తే "కామా" అనేది, చుక్క వస్తే "చుక్క" అనేది. హోటల్లో మెనూ కార్డు చేతికిచ్చినా చివరి పేజీ దాకా చదివాకే ఒక కాఫీ చెప్పేది. ఈలోగా పక్కవాళ్ళ కడుపులో ఎలుకలు పరిగెత్తినా ఆవిడకి పట్టేది కాదు.

ఆవిడ పోయి పది రోజులైంది. శనివారం పదకొండింటికి కాన్ఫరెన్సు గదిలో సంతాప సభ. ఆవిడ మీద పన్నెండు పేజీల చిన్న పుస్తకం అచ్చు వేసి అందరికీ పంచాలని ఆఫీసు పెద్ద కుర్చీలో ఉన్న పెద్దసారు నిర్ణయించాడు. రాసే పని చిన్న లాయరు నెత్తిన పడింది. ఇరవై రెండేళ్ళు ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నవాడు అతనే మరి. పదకొండు పేజీలు గబగబా రాసేశాడు. రెండు బ్యాంకులు కలిసిపోయినప్పుడు ఆవిడ రాసిన కాగితాల సంగతి, ఓడల కంపెనీ మునిగిపోకుండా నిలబెట్టిన సంగతి, చేరిన కొత్తలో ఆవిడని స్టెనో అనుకుని డిక్టేషన్ ఇవ్వబోయిన క్లయింటుకి ఆవిడే అతని ఒప్పందంలో పద్దెనిమిది తప్పులు చూపించిన సంగతి. పన్నెండో పేజీ దగ్గర మాత్రం అతని చెయ్యి ఆగిపోయింది.

బుధవారం పెద్దసారు గదిలోకి వచ్చి కాగితాలు తిరగేశాడు. "బాగుందయ్యా. ఏడో పేజీ కథేది?"

"అది... రాయలేదు సార్."

"అదేంటి! అది లేకపోతే ఉప్పు లేనట్టుంటుంది. ముప్పై నాలుగేళ్ళలో ఒకే ఒక్క తప్పు, దాన్ని కూడా తలెత్తి ఒప్పుకున్న మనిషి. కొత్త పిల్లలకి అంతకంటే మంచి పాఠం ఏముంటుంది? నువ్వేగా ఏటా వాళ్ళకి చెప్పేది. నీకంటే రక్తి కట్టించేవాడు ఎవడు?"

అవును, అతనే చెప్పేవాడు. అదీ అసలు సిగ్గు. కొత్తగా చేరిన పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, ఆవిడ గొంతు అనుకరించి, రెండు పేజీలు కలిపి తిప్పినట్టు చేత్తో చేసి చూపించి మరీ చెప్పేవాడు. పిల్లలు పగలబడి నవ్వేవారు.

అతను చెప్పే కథ ఇది. ఒక పెద్దమనిషి తన బిస్కెట్ల ఫ్యాక్టరీని అమ్మదలచుకున్నాడు. అతనే ఈ ఆఫీసు క్లయింటు. అతని షరతు ఒక్కటే: పనివాళ్ళందరి పేర్లూ పట్టికగా ఒప్పందానికి జత చెయ్యాలి, పట్టికలో ఉన్న ఒక్క మనిషిని కూడా కొన్నవాడు తీసెయ్యకూడదు. చిత్తు ప్రతిలో ఆ పట్టిక పదకొండు పేజీలు. సంతకాలు పెట్టే అసలు ప్రతిలో యంత్రం ఏడో పేజీని మింగేసింది. ప్యాకింగ్ విభాగం, ఇరవై ఆరు మంది. అడుగున పేజీల అంకెలు మాత్రం ఏమీ ఎరగనట్టు వరసగా పడ్డాయి. ఇలాంటివి పట్టుకోవడానికే కామా మేడమ్ పద్ధతి పుట్టింది. ఒకరు చిత్తు ప్రతి పైకి చదవాలి, ఒకరు అసలు ప్రతి మీద వేలు పెట్టి వినాలి. పేజీ అయ్యాక చదివినవాళ్ళు ఎర్ర పెన్సిల్‌తో, విన్నవాళ్ళు నీలం పెన్సిల్‌తో మూలన టిక్కు పెట్టాలి. ఎర్ర పెన్సిల్ మేడమ్‌ది, నీలం చిన్న లాయరుది. ఆ రోజు మేడమ్ ఆరూ ఏడూ పేజీలు కలిపి తిప్పేసింది. చదవని పేజీ లోపించిందని వినేవాడికి ఎలా తెలుస్తుంది? చిత్తు ప్రతిలో పది పేజీల మీద ఎర్ర టిక్కులున్నాయి, ఏడో పేజీ మూల ఖాళీ. సాక్ష్యం అంటే అదీ! కొన్నవాడు పట్టిక చూపించి ఇరవై ఆరు మందినీ గేటు బయట నిలబెట్టాడు. పాత యజమాని ఆఫీసుకొచ్చి బల్ల గుద్ది అడిగాడు. మేడమ్ లేచి నిలబడి, "తప్పు నాది, నేనే రెండు పేజీలు తిప్పాను" అంది. "అంతటి మేడమే తిప్పిందంటే మీరెంత? కాబట్టి వేలు తడి చేసుకోండి, ఒక్కో పేజీ తిప్పండి" అని ముగించేవాడు. ఇక్కడ పిల్లలు చప్పట్లు కొట్టేవారు.

ఇందులో నిజం ఎంత అంటే, మేడమ్ ఆ పట్టికని అసలు చదవనే లేదు.

ఆ రోజు ఆవిడకి పంటి నొప్పి. బుగ్గన లవంగం పెట్టుకుని పొద్దున్నించీ ఆరు గంటలు చదివింది. పట్టిక ఒక్కటీ మిగిలిందనగా ఇక తట్టుకోలేక డాక్టరు దగ్గరికి లేచింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "చిన్న లాయరూ, దాన్ని ముట్టుకోకు. నేనొచ్చాక చదువుకుందాం. ఒంటరి చదువు చదువే కాదు" అంది. ఆవిడ వచ్చేసరికి అయిదవుతుంది. పట్టిక చదవడానికి గంట. ఆరింటి ఆటకి అతని బావమరిది రెండు టిక్కెట్లు పట్టుకుని సినిమా హాలు దగ్గర నిలబడి ఉంటాడు. ఎవరికైనా ఒంట్లో బాగోక తొందరపడ్డాడంటే అదో అందం. అబ్బే, సినిమా! అదీ పాటలు తప్ప ఏమీ గుర్తులేని సినిమా.

ఎర్ర పెన్సిల్ బల్ల మీదే ఉంది. టకటకా ఇటు పది ఎర్ర టిక్కులు, అటు పది నీలం టిక్కులు కొట్టేశాడు. ఆరో పేజీకి ఏడోది అతుక్కుని ఉందని తొందరలో చూసుకోలేదు. రెండు పేజీలు కలిపి తిప్పిన వేళ్ళు అతనివి. మేడమ్ దవడ బంతిలా వాచిపోయి, నోరు మొద్దుబారి తిరిగొచ్చింది. "నేనే పైకి చదువుకుంటూ రెండూ పక్కపక్కన పెట్టి చూశాను మేడమ్. అక్షరం పొల్లు పోలేదు" అన్నాడు. ఆవిడ మాట్లాడలేక కాగితం మీద "మొత్తం?" అని రాసింది. "మొత్తం" అన్నాడు. ఆవిడ అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, తన పద్ధతిని తానే పక్కన పెట్టి, సంతకాలకి పంపేసింది. అంతే ఆవిడ చేసిన తప్పు. ఇతని మాట నమ్మడం.

తర్వాత పాత యజమాని వచ్చి పంచాయితీ పెట్టిన రోజు ఆవిడ ఆ టిక్కుల మీద బొటనవేలు రాస్తూ కూర్చుంది. ఆవిడ టిక్కుకి చివర కామా లాంటి కొక్కెం ఉంటుంది. వీటికి లేదు. చూసింది, అర్థం చేసుకుంది, లేచి నిలబడింది. అతనూ లేవబోయాడు. కాళ్ళు లేవలేదు. ఇంట్లో నెలల పిల్ల, కొత్తగా తీసుకున్న ఇల్లు, ఏవేవో కళ్ళముందు తిరిగాయి. రేపు చెప్తా అనుకున్నాడు. ఆ రేపు పద్దెనిమిదేళ్ళు సాగింది. ఆ ఏడాది ఆఫీసు పెద్ద కుర్చీ ఆవిడకి రావలసింది, ఇప్పటి పెద్దసారుకి వెళ్ళింది. ఆవిడ అతన్ని ఒక్క మాట అనలేదు. తర్వాతి ఒప్పందం రోజు ఎర్ర పెన్సిల్ తీసి అతని చేతిలో పెట్టి, "ఇకనుంచి నువ్వు చదువు, నేను వింటాను" అంది. అప్పటినుంచి ఆవిడ రిటైరయ్యేదాకా ప్రతి అక్షరం, ప్రతి కామా అతనే పైకి చదివాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని వింది. అందరూ అది ప్రమోషన్ అన్నారు. అతనొక్కడికే తెలుసు అది ఏమిటో.

ఒకసారి అతను కొత్త పిల్లలకి ఏడో పేజీ కథ చెప్తుండగా ఆవిడ తలుపు దగ్గర ఆగింది. "ఇరవై అయిదు కాదు, ఇరవై ఆరు మంది" అని సరిదిద్ది వెళ్ళిపోయింది. ఆ రాత్రి అతనికి అన్నం సహించలేదు. మరుసటి ఏడు మళ్ళీ చెప్పాడు. ఈసారి ఇరవై ఆరు అని సరిగ్గానే చెప్పాడు. ఏం మనిషండీ!

గురువారం మధ్యాహ్నం మేడమ్ చెల్లెలు వచ్చింది. అక్క పెళ్ళి చేసుకోలేదు, ఉన్నదల్లా ఈ చెల్లెలే. రిటైరైన లెక్కల టీచరు. చెప్పుల పెట్టె ఒకటి బల్ల మీద పెట్టి కూర్చుంది.

"ఆఫీసు సామాను బాబూ. పెన్సిళ్ళూ అవీ. ఇంట్లో పారెయ్య బుద్ధి కాలేదు." కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "పుస్తకం మీరే రాస్తున్నారటగా. ఒక్క మాట అడగనా? ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీ సంగతి రాయకండి. ఇంట్లో మేమంతా దాన్ని పట్టుకుని ఆటపట్టించేవాళ్ళం. 'ఏడో పేజీ తిప్పావా అక్కా' అని మా పిల్లలు కూడా. నవ్వి ఊరుకునేది. ఇప్పుడు తలచుకుంటే నా నోరు పడిపోకూడదా అనిపిస్తోంది. పోయినదాని మీద మళ్ళీ అచ్చు వెయ్యకండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

"రాయనండీ" అన్నాడు. అంటుంటే గుండెల మీద బరువు దిగిపోయింది. ఎంత హాయిగా ఉంది ఆ దారి! అబద్ధం రాయనక్కర్లేదు, నిజమూ చెప్పనక్కర్లేదు. పైగా దండం పెట్టించుకోవచ్చు. చెల్లెలు నిజంగానే చేతులు జోడించి వెళ్ళింది.

ఆవిడ వెళ్ళాక పెట్టె తెరిచాడు. అరిగిపోయిన నీలం పెన్సిళ్ళ కట్ట, దాని కింద మడత పెట్టిన కాగితం ఒకటి. చిత్తు ప్రతిలోని ఏడో పేజీ. మూల ఇంకా ఖాళీగానే ఉంది. ఇరవై ఆరు పేర్ల పక్కన మేడమ్ చేతిరాత. పద్నాలుగు నెలలు ఆవిడ ఉత్తరాలు రాసి, కొన్నవాడి గుమ్మం ఎక్కి దిగి, పట్టిక సరిచేయించిందని ఆఫీసుకి తెలుసు. పంతొమ్మిది పేర్ల ఎదురుగా "తీసుకున్నారు" అని తేదీ ఉంది. మిగిలిన ఏడుగురూ అప్పటికే చెల్లాచెదురయ్యారు. వాళ్ళ పేర్ల ఎదురుగా చిరునామాలున్నాయి. ఒకటి కొట్టేసి ఇంకొకటి, అదీ కొట్టేసి మరొకటి. చివరి చిరునామా పోయిన నెలలో రాసింది. సిరా ఇంకా కొత్తగా ఉంది. పద్దెనిమిదేళ్ళు ఆవిడ వాళ్ళ వెనకాల తిరిగింది. అతను మాత్రం వాళ్ళని జోకు చేసి చెప్పుకుని తిరిగాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పుస్తకం ఆ కథ లేకుండానే అచ్చయింది. పెద్దసారు ముఖం చిట్లించి, "సరేలే, నోటితో చెప్పు. పై నెల నా కుర్చీ ఎవరికిస్తున్నానో సభలోనే ప్రకటిస్తా. నీ మాటల తర్వాత అయితే బాగుంటుంది" అని భుజం తట్టాడు. ఆ కుర్చీ ఎవరికో ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు.

శనివారం పదకొండుకి పది నిమిషాల ముందు, గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ చెప్పులు విప్పాలో వద్దో తేలక నిలబడి ఉంది. అతనే ఎదురెళ్ళాడు.

"మేడమ్ చెల్లెలుగారు ఫోన్ చేశారయ్యా. వాళ్ళక్క ఫోన్ నంబర్ల పుస్తకంలో ఉన్నవాళ్ళందరికీ చేశారంట. మా ఆయన బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌లో చేసేవాడు. ఎక్కడ కూర్చోమంటావు?"

"ఎక్కడైనా... ముందు కూర్చోండమ్మా" అన్నాడు. ఆవిడ ముందుకి రాలేదు. చివరి వరసలో గోడకి ఆనుకుని కూర్చుంది.

పెద్దసారు మాట్లాడాడు, ఇద్దరు క్లయింట్లు మాట్లాడారు. అందరూ ఆవిడ కామాల మీద ఒక్కో జోకు వేశారు, అందరూ నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. అతని వంతు వచ్చింది. రాసుకొచ్చిన కాగితం ఎడమ జేబులో ఉంది. ముందు వరసలో చెల్లెలు అతని వైపు నమ్మకంగా చూస్తోంది. చివరి వరసలో ఆ పెద్దావిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతని చెయ్యి ఎడమ జేబుకి వెళ్ళి, అక్కడ ఆగి, కుడి జేబులోకి వెళ్ళింది.

"ఇది ఏడో పేజీ" అన్నాడు. కొత్త పిల్లలు అలవాటుగా నవ్వడానికి సిద్ధమయ్యారు. చెల్లెలి మొహం వాడిపోయింది. "దీన్ని మేడమ్ తిప్పెయ్యలేదు. మేడమ్ ఆ టైములో పన్ను పీకించుకుంటున్నారు. తిప్పింది నేను. చదవలేదు, చదివానని చెప్పాను. ఆవిడ ఎర్ర పెన్సిల్ తీసుకుని ఆవిడ టిక్కులు నేనే పెట్టాను. ఎందుకంటే... సినిమాకి టైమైపోతోందని. ఆవిడకి తెలుసు. తెలిసీ తన మీద వేసుకున్నారు. నేను పద్దెనిమిదేళ్ళు ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, మీ అందరికీ కథలు చెప్పి నవ్వించాను."

పెద్దసారు పక్కనుంచి "ఇప్పుడెందుకయ్యా ఇది, కూర్చో" అన్నాడు లోగొంతుకతో. అతను కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ లేవలేనని అతనికి తెలుసు. కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాడు. "ప్యాకింగ్ విభాగం, చుక్క." ఒకటో పేరు, కామా, తండ్రి పేరు, కామా, చేరిన తేదీ, చుక్క. రెండో పేరు. ఇరవై రెండేళ్ళలో అంత నెమ్మదిగా అతను ఏదీ చదివి ఉండడు. పదకొండో పేరు దగ్గర చివరి వరసలో కుర్చీ చప్పుడైంది. పెద్దావిడ లేచి నిలబడింది. అతను ఆగిపోయాడు.

"నువ్వా?" అంది ఆవిడ. గట్టిగా కూడా అనలేదు.

"నేనేనమ్మా."

"ఏడాదికోసారి వచ్చేదయ్యా మేడమ్. మేం ఎక్కడికి ఇల్లు మారితే అక్కడికి. పని ఏదైనా చూశానని చెప్పడానికి వచ్చేది. మా ఆయన లోపలికి రానిచ్చేవాడు కాదు. గుమ్మంలో నిలబెట్టి తిట్టేవాడు. నోటికొచ్చినట్టు తిట్టేవాడు. నేనూ తిట్టాను. నీ చేతులు పడిపోనూ అన్నాను, ఆ తల్లిని. ఇంత మాట పడీ, 'నేను కాదు' అని ఒక్కసారి కూడా అనలేదు. మా ఆయన పోయేదాకా తిడుతూనే ఉన్నాడు." ఆవిడ చేతిసంచిని గుండెకి అదుముకుంది. "ఇప్పుడా తిట్లన్నీ ఎక్కడ పెట్టుకోమంటావు?"

క్షమించమనడానికి కూడా తన నోటికి అర్హత లేదని అతనికి అనిపించింది. ముందు వరసలో చెల్లెలు మొహం చేతుల్లో దాచుకుని ఏడుస్తోంది. ఎవరూ ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు.

పెద్దావిడ కుర్చీల మధ్యనుంచి నడుచుకుంటూ ముందుకొచ్చింది. తిడుతుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు. రెండూ కావాలనిపించింది. ఆవిడ అతని పక్కన నిలబడి కాగితంలోకి తొంగి చూసింది.

"మా ఆయనది ఎన్నోది?"

"పదకొండోదమ్మా."

"ఎదురుగా ఏం రాసుంది?"

నాలుగు చిరునామాలు, మూడు కొట్టేసి ఉన్నాయి. నాలుగోదాని పక్కన మేడమ్ చిన్న అక్షరాలతో, "ఆయన పోయారు. ఆవిడకి కుట్టుపని కావాలట. చూడాలి" అని రాసుకుంది. చదివి వినిపించాడు.

"మొదట్నించీ చదువు" అంది ఆవిడ. "ఆయన పేరు వచ్చేసరికి నేను లేచాను. సరిగ్గా వినలేదు."

జూనియర్లలో ఒక అమ్మాయి తన కుర్చీ తెచ్చి ఆవిడ వెనక వేసింది. ఆవిడ కూర్చుని, వేలు తీసుకెళ్ళి కాగితం మీద మొదటి వరస దగ్గర పెట్టింది. అక్షరాలు వచ్చో రాకో, వేలు మాత్రం సరిగ్గా పెట్టింది. చిన్న లాయరు మళ్ళీ మొదటినుంచి చదివాడు, ఇరవై ఆరు పేర్లూ, కామాలతో సహా. ఆవిడ వింది.